సీసం సంత

మా ఆయన్ని ఒకసారి పాతిపెట్టాను. రెండోసారి పాతిపెడతామంటే ఒప్పుకోలేదు. జరిగింది ఇదే. కానీ నర్సీపట్నంలో ఇప్పటికీ కొందరు నన్ను చూపించి, "విషాన్ని ఇంట్లో పెట్టుకుని సంఘాన్ని ఎదిరించిన మనిషి" అంటారు కాబట్టి మొదటినుంచీ చెప్తాను. నాకు సంతకం వరకే వచ్చు, అదీ వంకర టింకరగా. అందుకే నోటితో చెప్పి రాయిస్తున్నాను. రాస్తున్నవాళ్లకి ముందే చెప్పాను, నా మాటకి ఇస్త్రీ చెయ్యొద్దని.

మా ఆయన బస్టాండు దగ్గర బ్యాటరీల షాపులో పనిచేసేవాడు. మన్యం ఎక్కే లారీలు, దిగే లారీలు అక్కడ ఆగకుండా పోయేవి కావు. ఆ పనిలో యాసిడ్ తప్పదు. చొక్కా మీద చుక్క పడిందంటే, ఉతికిన రోజున అక్కడ చిల్లు. ఎన్ని కుట్టించినా ఆదివారం నాటికి జల్లెడే. అందుకని చర్చికి వెళ్తే ఆఖరి బల్ల మీద కూర్చునేవాడు, తన వీపు ఎవరికీ కనపడకుండా. ఆయనకి మాత్రం అందరి వీపులూ కనపడేవి.

ఆ వీపుల్నే సీసంతో పోశాడు.

బ్యాటరీ విప్పినప్పుడు రాలిన ముక్కలు, కారి గడ్డకట్టిన చుక్కలు తెచ్చుకుంటానంటే ఓనరు వద్దనేవాడు కాదు. మెత్తటి బలపం రాయి రెండు ముక్కలు తీసుకుని, మేకుతో గీకి గీకి లోపల మనిషిని తవ్వేవాడు. ఒక ముక్కలో ముందు వైపు, రెండో ముక్కలో వీపు. రెండూ కలిపి తీగతో బిగించి, పైన కన్నంలోంచి కరిగిన సీసం పోస్తే, చల్లారాక బొటనవేలంత మనిషి బయటికి వచ్చేవాడు. నా పని అచ్చుకి మసి పట్టించడం. కిరసనాయిలు బుడ్డి మంట మీద అచ్చు తిప్పితే లోపలంతా సన్నగా నల్లగా పడుతుంది. ఆ మసి లేకపోతే సీసం అచ్చుని పట్టుకుని ఒగ్గదు. అచ్చు వేడెక్కి ఉండాలి కూడా. చల్లటి అచ్చులో పోస్తే సీసం చివరిదాకా పారక మనిషికి చేతులు రావు. అలాంటివాళ్లని మళ్లీ మూకుట్లో పడేసి, "ఈడింకా పుట్టనేదు, ఉండు" అనేవాడు.

మొహాలు చెక్కేవాడు కాదు. ముందు నుంచి చూస్తే అందరూ ఒకటే, నున్నటి గుండు. వెనక్కి తిప్పితే ఎవరో చెప్పెయ్యొచ్చు. ఒకరికి ఎడమ భుజం ఎత్తు. ఒకరు నడుం మీద చెయ్యి వెయ్యకుండా నిలబడలేరు. ఒకరి కొప్పు ఎప్పుడూ జారే ఉంటుంది.

"ఏటయ్యా, ఆళ్లకి మొకం పెట్టవేటి?" అన్నాను ఓసారి.

"నాకు కనపడితే పెడతాను. ఆఖరి బల్ల మీద కూకుంటే మొకాలెలా కనపడతాయే?" అన్నాడు.

క్రిస్మస్‌కి చర్చిలో పశువుల పాక కట్టేవారు. అందులో బొమ్మలు పెడతానని మా ఆయన అడిగితే పాస్టరుగారు ఒప్పుకోలేదు. మాది మిషను చర్చి. "విగ్రహాలు మనకి వద్దయ్యా" అన్నాడు. మా ఆయన ఆయనతో వాదన పెట్టుకోలేదు. పాకలో గడ్డి పరిచి తొట్టె ఖాళీగా ఒగ్గేశాడు. పాక ముందు సంత పెట్టాడు. మన ఊరి సంతే. కావిడి మోసే కొండ మనిషి, అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకున్న కొండ ఆడమనిషి, ఎద్దులు, గొర్రెలు, ఎండుచేపల బుట్టతో మా ఆడపడుచు, ఎండకీ వానకీ గొడుగు వదలని పాస్టరుగారు. సంఘంలో ప్రతి ఇంటినుంచీ ఒకరు అందులో ఉన్నారు. అందరూ పాక వైపు తిరిగి నడుస్తూ ఉంటారు, చూసేవాళ్లకి వీపులే కనపడతాయి.

"ఇగ్రహాలు కాదండయ్యా, మనవేనండి. పెబువుని సూడ్డానికి ఎల్తన్నాం" అన్నాడు మా ఆయన.

పాస్టరుగారు వంగి ఆ గొడుగు మనిషిని చూశాడు. లేచి దగ్గాడు. గొడుగు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పట్నుంచీ అదో ఆనవాయితీ అయిపోయింది. సంఘంలోకి కొత్త కోడలు వస్తే వచ్చే క్రిస్మస్‌కి ఆమె వీపు సంతలో చేరేది. ఎవరైనా పోతే వాళ్ల బొమ్మని తీసేవాడు కాదు, పాకకి ఇంకాస్త దగ్గరగా జరిపేవాడు. మా మామగారు అలా జరిగి జరిగి గడ్డి అంచుకి చేరాడు. జనం క్రిస్మస్ రోజున ప్రార్థన కాగానే, ఎవరెక్కడున్నారో వెతుక్కోడానికి ముందుకి తోసుకునేవారు.

డెబ్బైల్లో ఒక వర్షాకాలం, మన్యంలో ఆగిపోయిన లారీ బ్యాటరీ చూడమంటే వెళ్లాడు. వణుకుతూ దిగాడు. మన్యం జ్వరం. వారం తిరక్కుండా అయిపోయింది. తర్వాత తర్వాత తెలివైనవాళ్లు బయల్దేరి సీసం తినేసిందన్నారు. నోరు ముయ్యమన్నాను. ఆయన్ని తిన్నది దోమ.

అప్పుడు చూసుకుంటే ఆ సంతలో అందరూ ఉన్నారు గానీ ఆయన లేడు. ఆఖరి బల్ల వెనక ఇంకో బల్ల లేదు కదా, ఆయన వీపు చూసి పొయ్యడానికి.

నేను గోలీసోడా షాపులో బుడ్లు కడిగే పనికి కుదిరాను. సోడాబుడ్లు పెట్టే విరిగిన చెక్కపెట్టె ఒకటి ఓనరుని అడిగి తెచ్చుకుని, ఒక్కో గడిలో ఊక పోసి సంతనంతా అందులో సర్దాను. అచ్చులూ దాచాను, వాటిలో పొయ్యడం నేనే నేర్చుకున్నాను. ఏడాదంతా ఆ పెట్టె నా మంచం కింద ఉండేది, డిసెంబరులో చర్చికి వెళ్లేది. నా దగ్గర ఆయన ఫొటో లేదు. పెట్టె ఉంది.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. నాతవరంలో డ్రాయింగ్ మాస్టారు ఒకాయన. ఆయన దగ్గర ఎవరో పాత దొరల బంగళాలోంచి వచ్చిన సీసం సిపాయిలు ఉండేవి. మా ఆయన బతికున్నప్పుడు ఆదివారాలు సైకిలెక్కి వచ్చేవాడు. ఓ సిపాయిని ఇచ్చి ఓ కావిడి మనిషిని పట్టుకుపోయేవాడు. మా అరుగు మీద ఇద్దరూ పిల్లల కన్నా కనాకష్టంగా బేరాలాడుకునేవారు. ఇంకొకావిడ మిషను ఆస్పత్రిలో పనిచేసి వాళ్ల దేశం వెళ్లిపోయిన దొరసానిగారు. ఎప్పుడైనా చూడ్డానికి వచ్చినప్పుడు నేను పోసిన కొండ మనుషుల్ని కొన్ని పట్టుకెళ్లేది. అక్కడ పెద్ద పెద్ద మగాళ్లు ఇలాంటి లోహం మనుషుల్ని అద్దాల బీరువాల్లో పెట్టుకుని మురిసిపోతారట. వాళ్ల చర్చి అమ్మకంలో పెడితే ఎగబడి కొనేవారట. నాకు నవ్వొచ్చేది. మా సంత మనుషులు ఓడెక్కారు, నేను విశాఖపట్నం దాటలేదు.

మండలాలు పెట్టిన రోజుల్లో ఒక డిసెంబరులో ఆ దొరసానిగారు వచ్చింది. తీసుకెళ్లిన బొమ్మల్ని పేపర్లో చుట్టి తిరిగి తెచ్చింది. ఆవిడ తెలుగు బైబిల్లో తెలుగు.

"అమ్మా, మా దేశములో చట్టము వచ్చినది. పిల్లల ఆటవస్తువులలో సీసము ఉండరాదు."

"ఇయి పిల్లల బొమ్మలేటండి?"

"కావు. పెద్దవారు కొనుచున్నారు. కానీ మా సంఘము భయపడినది. ఏది బొమ్మ, ఏది కాదు అని ఎవరు చెప్పగలరు? అందుచేత అన్నియు ఆపివేసిరి."

ఆవిడ కళ్లల్లో నీళ్లు. నేను ఆ బొమ్మలు తీసుకుని, ఆవిడకి సోడా కొట్టి ఇచ్చాను. పాపం, ఆవిడ తప్పేముంది.

ఆ మాట ఊళ్లో పాకింది. మా సంఘ పెద్దల్లో ఒకాయన శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనా ఆయన్ని ఇన్‌స్పెక్టరుగారనే అనాలి, లేకపోతే పలకడు. ఆయనకి ఈ సంగతి దొరికింది. "అక్కడ ఇవాళ వచ్చిన రూలు రేపు ఇక్కడికి వస్తుంది. వచ్చాక తీసేస్తే మనల్ని ఎవరు మెచ్చుకుంటారు? ముందే తీసెయ్యాలి" అన్నాడట. రాని రూలుకి ఎదురెళ్లి దండం పెట్టిన మనిషిని ఆయన్నే చూశాను.

ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట మాత్రం నిజం, దాన్ని నేను దాచను. అంతకు ముందు క్రిస్మస్‌కి హార్మోనియం వాయించే ఆవిడ పాప, గొర్రెని తీసి నోట్లో పెట్టుకుంది. దాని బుగ్గలోంచి వేలు పెట్టి బయటికి తీసింది నేనే. సీసం చప్పరించే వస్తువు కాదు. అది నాకు రూలు చెప్పక్కర్లేదు.

నాతవరం మాస్టారైతే ఇంకా బెదిరిపోయాడు. ఇంట్లో సీసం ఉంటే జైలంటారేమోనని, చీకటి పడకముందే సిపాయిలన్నిటినీ సంచిలో వేసుకెళ్లి తాండవ కాలవలో విసిరేశాడు. తర్వాత నాకొచ్చి చెప్పాడు.

"ఏటి మాస్టారూ, ఆ నీళ్లు ఎవరు తాగుతారు?"

"అందరూనమ్మా."

"మరి బీరువాలో ఉన్నప్పుడు ఎవరు తాగారు?"

ఎండాకాలం కాలవ కట్టేశాక మాస్టారు బురదలో దిగి వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. జీవితమంతా కూడబెట్టుకున్న సైన్యం ఒక్క సాయంత్రంలో పోయింది. చంపింది రూలు కాదు, భయం. అప్పుడే అనుకున్నాను, నా పెట్టె జోలికి ఎవరొచ్చినా ఊరుకోనని.

వచ్చారు. సోడా షాపులో బుడ్లు కడుగుతుంటే మా ఆడపడుచు ఎండుచేపల బుట్టతోనే పరుగెత్తుకొచ్చింది.

"వదినా, బేగి రా! అన్నయ్య సంతకి సమాధి కట్టేత్తన్నారు!"

"ఏటే, తిన్నగా సెప్పు."

తిన్నగా చెప్తే సంగతి ఇది. బొమ్మల్ని తీసెయ్యాలని సంఘ పెద్దలు తీర్మానం చేశారు. ఎలా తీసెయ్యాలన్న దగ్గర ఇరుక్కున్నారు. కరిగిస్తే పొగ. అమ్మితే పాపం. పారేస్తే పిల్లలు ఏరుకుంటారు. ఇన్‌స్పెక్టరుగారికి ఆలోచన తట్టింది. మళ్లీ ఎవరూ తవ్వని చోటు ఊళ్లో ఒక్కటే ఉంది, మన సమాధుల దొడ్డి. అక్కడ ఓ మూల గొయ్యి తీసి, పాతి, పైన సిమెంటు పోసేద్దామన్నాడు. అందరూ బాగుందన్నారు. అప్పుడు ఒకాయన లేచి, బాప్తిస్మం లేని కొండవాళ్లని మన దొడ్లో పాతొచ్చా అన్నాడట. ఇంకొకాయన ఎద్దుల సంగతేమిటన్నాడట. ఎద్దుల దగ్గర గంటసేపు కొట్టుకుని, ఎద్దుల్నీ గొర్రెల్నీ గోడ అవతల పాతాలని తేల్చుకున్నారట. నవ్వకండి. నా ముందు జరిగుంటే నేనూ నవ్వేదాన్నేమో. అప్పుడు మాత్రం నా ఒళ్లు మండింది.

తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఇంటికెళ్లాను. పెట్టె నెత్తిన పెట్టుకున్నాను. సీసం కదా, మెడ విరుగుతుంది. మా ఆడపడుచు సాయం పడతానంది, వద్దన్నాను. బజారు మధ్యలోంచి నడిచాను, అందరూ చూడాలనే.

చర్చి పక్క గదిలో పెద్దలింకా టీ తాగుతున్నారు. పాస్టరుగారు, ఇన్‌స్పెక్టరుగారు, ఇంకో నలుగురైదుగురు.

"ఏమ్మా, నిన్ను పిలవలేదే" అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు.

"నన్ను పిలవనేదండి. మా ఆయన్ని పాతుతారని తెలిసింది, ఆయన తరపున వచ్చాను."

"మీ ఆయన్ని కాదు, బొమ్మల్ని."

"నాకు రెండూ ఒకటేనండి."

"సెంటిమెంట్లు వేరు, ఆరోగ్యం వేరు. సీసం విషం. పై దేశాల్లో చట్టం ఉంది."

"ముందేమో ఇగ్రహమన్నారు, ఇప్పుడు ఇసమంటన్నారు. సరేనండి. పాతేముందు ఆఖరి సూపు సూడాల కదా. సూడండి."

టీ గ్లాసులు పక్కకి జరిపి, బల్ల మీద బొమ్మల్ని ఒక్కోటీ బోర్లా పెట్టాను. వీపులన్నీ పైకి. ఒకాయన ముసిముసిగా నవ్వి, "ఈయన మన కోశాధికారి కదూ, చంకలో సంచి" అన్నాడు. కోశాధికారి, "నేను కాదు గానీ, ఇదిగో హార్మోనియం అమ్మాయి జడ" అన్నాడు. పాస్టరుగారు వాళ్లావిడ కొప్పు గుర్తుపట్టి, ఆ బొమ్మని తుడిచి మళ్లీ పెట్టాడు. మా ఆడపడుచు గుమ్మంలో నిలబడి, "నా బుట్ట! నా బుట్ట సూడండి, నడుం కాడ ఎంత సన్నంగా పోసాడో అన్నయ్య! ఇప్పుడేదీ ఆ నడుం?" అని అరిచింది. పెద్దలు నవ్వారు. గదిలో బిగువు కాస్త సడలింది.

ఇన్‌స్పెక్టరుగారూ వంగాడు. ఆయనకి అందరూ తెలుసు కదా, ఒక్కొక్కళ్లనీ వేలితో చూపిస్తూ ఎవరెవరో చెప్తున్నాడు. ఒక బొమ్మ దగ్గర ఆగాడు.

"ఈ ముసలాడెవడు? మెడ భుజాల్లోకి దిగిపోయి, వానలో తడిసిన కోడిలా? ఇలాంటివాడు మన సంఘంలో లేడే."

పాస్టరుగారు గొడుగు పిడి నిమురుకుంటున్నాడు. కోశాధికారి టీ గ్లాసులోకి చూస్తున్నాడు, అందులో టీ లేదు.

"ఎవరయ్యా?"

"తవరేనండి, బాబూ" అంది మా ఆడపడుచు గుమ్మంలోంచి.

ఆయన నిటారుగా లేచాడు. చెయ్యి వెనక్కి పెట్టి తన మెడ కింద తడుముకున్నాడు. "నా వీపు ఇలా ఉంటుందా?" అని పాస్టరుగారిని అడిగాడు.

"కొంచెం..." అన్నాడు పాస్టరుగారు. "కొంచెం అలాగే ఉంటుందండి."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఆ బొమ్మని అరచేతిలోకి తీసుకున్నాడు. ఎవరికీ తన వీపు తనకి తెలియదు, పక్కవాళ్లకి తెలుసు. మా ఆయనకి అందరివీ తెలుసు.

"సరేనండి. గొయ్యి ఎక్కడ తియ్యమంటారు?" అన్నాను. "ఎవరి బొమ్మ ఆళ్లు తీసుకుని ఆళ్ల చేత్తోనే దింపాల. పాస్టరుగారూ, తవరు ప్రార్థన సెయ్యండి. తవరి గొడుగుకి కూడా తవరే సెయ్యాల."

"బతికున్న మనిషిని..." అని పాస్టరుగారు ఆగిపోయాడు.

"అదేనండి నాను అడుగుతున్నది. నాను రూలుకి అడ్డం రాను. పిల్ల గుంటల నోట్లో సీసం ఎల్లకూడదు, ఒప్పుకుంటాను, ఆ గొర్రెని తీసింది నానే. అద్దం పెట్టండి. తాళం పెట్టండి. తాళంసెవి నా కొంగున కట్టుకుంటాను. కానీ ఇయి ఆటబొమ్మలని ఎవరైనా అంటే నాను ఊరుకోను. ఇందులో మా మావగారున్నారు. మీ అమ్మలున్నారు. ఆళ్లని గోడ ఇవతలా ఎద్దుల్ని గోడ అవతలా పాతుతారా? ముందు నన్ను పాతి, అప్పుడు ఈటిని పాతండి."

గొంతు చీరుకుపోయింది. నాది ముందే బొంగురు గొంతు. సోడా షాపు గోలలో అరిచి అరిచి అలా అయింది.

ఇన్‌స్పెక్టరుగారు తన బొమ్మని పెట్టెలో పెట్టలేదు, బల్ల మీదా పెట్టలేదు. ఆఖరికి, "అద్దం మందంది వెయ్యాలి. పల్చటిది వేస్తే పిల్లలు గుద్దితే పగులుతుంది" అన్నాడు. ఓడిపోయాననడానికి ఆయనకి తెలిసిన మాట అదే. నేను దండం పెట్టి పెట్టె సర్దుకున్నాను. ఆయన తన బొమ్మని తన చేత్తోనే గడిలో పెట్టాడు, బోర్లా, వీపు పైకి.

ఆ క్రిస్మస్‌కే ఫొటోలకి ఫ్రేములు కట్టేవాడి చేత అద్దాల పెట్టె చేయించారు. అద్దం మందందే. పిల్లలు ఏడవకుండా, ఏటికొప్పాక నుంచి లక్క పూసిన కొయ్య గొర్రెలు తెప్పించి చేతికిచ్చాం. వాటిని చప్పరించినా నాకు బెంగ లేదు. నాతవరం మాస్టారు కూడా వచ్చాడు. అద్దం ముందు నిలబడి, వెళ్లేటప్పుడు తన మొదటి కావిడి మనిషిని మా ఆయన ఏ సిపాయికి ఇచ్చాడో చెప్పాడు. నా దగ్గరున్న ఆ సిపాయిని తీసి ఆయన జేబులో వేశాను. వద్దనలేదు.

ఇన్‌స్పెక్టరుగారు బతికున్నన్నాళ్లూ డిసెంబరులో అందరికన్నా ముందొచ్చి, అద్దం ముందు నిలబడి తన వీపు చూసుకునేవాడు. తర్వాత భుజాలు వెనక్కి విరిచి నడిచేవాడు, నాలుగడుగులే. ఇప్పుడాయన పాకకి దగ్గరగా ఉన్నాడు. జరిపింది నేనే.

మా ఆయన్ని కూడా పోశాను. అద్దం వచ్చిన మరుసటేడు. ఆయన వీపు ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు, చిల్లుల చొక్కాతో సహా. బలపం రాయిలో చిల్లుల కోసం చిన్న చిన్న బొడిపెలు ఒగ్గాను. మసి పట్టించాను. కంగారులో అచ్చుని చాలినంత వేడి చెయ్యలేదు. విప్పితే చేతులు రాలేదు. చేతులు రానివాళ్లని మళ్లీ కరిగించాలి, అది ఆయన పద్ధతే. నేను కరిగించలేదు. అలాగే పెట్టాను, అందరికన్నా వెనక.

సీసం మంచిదని నేను ఎవరితోనూ అనలేదు. కరిగించేటప్పుడు పెరట్లో గాలి వచ్చే వైపు కూర్చుంటాను. సబ్బుతో చేతులు కడుక్కునే అన్నం తింటాను. ఏ దేశం రూలైనా చెప్పేది అంతే అయితే నేనూ దానికి బద్ధురాలినే. అంతకు మించి ఒక్క బొమ్మ కూడా ఇవ్వను.

పాత పాస్టరుగారు బదిలీ మీద వెళ్లిపోయాక కుర్ర పాస్టరుగారు వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. మొదటి డిసెంబరులోనే అద్దాల పెట్టె దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు. ఇందులో సీసం ఉందని ఎవరో చెప్పారు. నిజమేనా అండీ?"

"నిజమేనండి. సీసం తప్ప ఇంకేటీ లేదండి."

ఆయన ఏదో అనబోయాడు. అద్దంలోకి ఇంకోసారి చూశాడు, గొడుగు మనిషిని, ఎండుచేపల బుట్టని, చేతుల్లేని మనిషిని.

"నన్ను కూడా పోస్తారా అమ్మా?" అన్నాడు.

"పోస్తానండి. కానీ తవరు ప్రసంగానికి పైన నిలబడి ఎప్పుడూ మొకమే సూపిత్తన్నారు. ఓపాలి అటు తిరగండి."